రాతిపువ్వు దొంగ

"ఈ ఆంధ్రదేశంలో దొంగలకు నిద్ర లేకుండా చేసే మెదడు ఒక్కటే ఒక్కటి. అది ఈడ ఉండాది!" అని కంబన్న తన బట్టతల తట్టి మరీ చాటాడు. బేతంచెర్లలో సైకిళ్లకు పంక్చర్లు వేసుకునే ఆ మహానుభావుడి బుర్రకు అపరాధ పరిశోధన నవలలు పంపుకన్నా ఎక్కువ గాలి కొట్టాయి.

కేసు తెచ్చింది సున్నపుబట్టీ తిమ్మారెడ్డి. మసాలాలో రాతిపువ్వు పడకపోతే ఆయనకు వేటకూర గొంతు దిగదు. బట్టీ పక్కనున్న తన చింతమాన్లకు బూడిదరంగు పాచిలా పట్టే ఆ రాతిపువ్వు రెండేళ్లుగా మాయం. బట్టీ పెట్టిందీ రెండేళ్ల కిందటే.

"హులిగెమ్మే గోక్కపోతాంది. దాని అత్త సంతలో మసాలా అమ్ముతాది. సాయంత్రంలోగా నువ్వు తేల్చకుంటే దాన్ని పనిలోంచి తీసేస్తా!"

హులిగెమ్మ బట్టీలో తట్టలు మోస్తుంది. ఆ కూలితోనే ఇద్దరు పిల్లలు తింటున్నారు. కంబన్నకు పాపం అనిపించింది కానీ, పరిశోధకుడికి జాలి పనికిరాదని మీసం దువ్వుకున్నాడు.

ఆ పొద్దున్నే వెళ్లి మాన్లన్నిటికీ ఆముదం పూశాడు. ఎవరి చేతికి జిడ్డంటితే వాళ్లే దొంగ! పొద్దు వాలాక బట్టీ కూలీలందరినీ వరసగా నిలబెట్టి చేతులు చూపమన్నాడు.

హులిగెమ్మ చేతులు సున్నంతో తెల్లగా, పొడిగా ఉన్నాయి. "ముందు నీ చేతులు చూడప్పా, ఆముదం కారతాండాది" అందామె.

"నన్ను లెక్కలోకి తీసుకోకూడదు!" అని కంబన్న గర్జించాడు.

అంతసేపూ మానుకు చెయ్యి ఆనించి నిలబడ్డ తిమ్మారెడ్డి విసుగ్గా చెయ్యి ఊపాడు. ఆ అరచెయ్యి జిడ్డుగా, బొగ్గులా నల్లగా ఉంది.

"దొరికినాడు! దొంగ రెడ్డప్పే!"

"నా చెట్లకు నేనే దొంగనా? ఈ నలుపు యాడిదిరా?"

అందరూ మాను చూశారు. బట్టీ వైపు ఆముదం నిండా మసి అతుక్కుంది. అవతలి వైపు ఉత్త ఆముదమే.

"ఎవురూ గోకలేదు సామీ" అంది హులిగెమ్మ. "మీ బట్టీ పొగే తినేసింది. కొండవతల మా ఊర్లో పొగ లేదు, ఆడ మాన్లకు శానా ఉండాది."

తిమ్మారెడ్డి తన బట్టీ వంక, తన చేతి వంక చూసుకున్నాడు. "అయితే బట్టీ ఆర్పేయమంటావా? మరి నీ కూలి?"

"కూలి కావాల సామీ. దొంగ అనే పేరే వద్దు."

ఆయన తల దించుకున్నాడు. "నాదే తప్పులేమ్మా. రేపు పనికి రా."

హులిగెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు మొదటినుంచీ రెడ్డప్ప మీదనే అనుమానం!" అన్నాడు కంబన్న, రొమ్ము విరుచుకుని.

తిమ్మారెడ్డి చెప్పు కోసం వంగి లేచేసరికి మహా పరిశోధకుడు సైకిలెక్కి రైలు స్టేషను దాటేశాడు.