అర్రలో మొదటి పెళ్లాం

ఆ శనివారం పొద్దున పద్మలత అనుకున్న పని చిన్నదే. వంట ముగించి, నాలుగేళ్ల భవితకు అన్నం తినిపిస్తూ, ఇంగ్లీషు పాఠంలోని కథను ఒకసారి నోటితో చెప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో పెళ్లయి ఆగిన చదువును ఆమె దూరవిద్యలో మళ్లీ మొదలుపెట్టింది. శామీర్‌పేట నుంచి ప్రతి ఆదివారం మేడ్చల్‌లో క్లాసుకు వెళ్తుంది. ఆ పూట పిల్లను చూసేది అత్త దుర్గాబాయి. ఆమె కాదంటే చదువు అక్కడితో సరి. అందుకే ఆదివారం దగ్గరపడేకొద్దీ పద్మలత అత్త చెప్పే ప్రతి మాటకూ తలూపుతుంది.

పాఠం భయం కథ. పాత బంగళా, రెండో పెళ్లి చేసుకున్న దొర, మేడ మీద తాళం వేసిన గది. మొదటి భార్య చనిపోయి ఏళ్లయినా, సాయంత్రమైతే ఆ గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వస్తుంది. తలుపు తీసే ఘట్టమూ, కథలో ఏది దేనికి గుర్తో అదీ ఆదివారం చెబుతానని, అంతవరకు చదువుకుని రమ్మని సారు అన్నాడు. నిఘంటువు పట్టుకుని ఆ తలుపు దాకా రావడానికే ఆమెకు వారం పట్టింది.

పిల్ల జడుసుకుంటుందని కథలోంచి చావు తీసేసింది.

"ఆమె లోపలనే ఉన్నది బిడ్డా. తాళమేసిండ్రు. మిషన్ కుడుతాంది."

"ఎవరింట్ల అమ్మా?"

"మనింట్లనే అనుకో. ముద్ద నోట్ల పెట్టుకో."

"ఏ అర్రల?"

"గా ఎనుక అర్రల."

భవిత బుద్ధిగా అలాగే అనుకుంది. మూతి కడుక్కోగానే పక్కింటి ఈదమ్మకు చెప్పి వచ్చింది కూడా. వెనుక అర్రలో మొదటి పెళ్లాం ఉంది, నాయిన తాళం వేశాడు, పాపం మిషన్ కుడుతోంది.

ఈదమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి వచ్చింది. అర్రకు నిజంగానే తాళం ఉంది. చెవి ఆనిస్తే లోపల గీరుతున్న చప్పుడూ ఉంది. అది గుడ్లు పొదగడానికి కూర్చోబెట్టిన కోడి. ఆ సంగతి బయటికి పొక్కితే దిష్టి తగిలి గుడ్లు మురిగిపోతాయని దుర్గాబాయి నమ్మకం. నోట్లో మాట ఆగదని భవితకూ చెప్పలేదు. పోయినసారి మురిగినవి ఈదమ్మ చూసిన గుడ్లే.

"ఏంది వదినె, అర్రకు తాళమేసినవ్?"

"ఊకెనే."

"లోపల ఎవరో ఉన్నట్టుంది."

"ఉంటే ఉంటది. నీకేంది?"

"ఒకపారి తలుపు తియ్యి, చూస్త."

"తియ్య. మనుషులను జూస్తే లేస్తది. కూసోబెట్టనీకే నా పానం పోయింది."

"మరి తిండి?"

"పొద్దుగాల ఇన్ని నూకలేస్తున్న. గంత సాలు."

ఈదమ్మ అక్కణ్నుంచి పరుగున వచ్చింది. బోరింగు దగ్గర బట్టలు ఉతుకుతున్న పద్మలత పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

"మొదటామె సంగతి నీకెరికేనా బిడ్డా?"

భవిత కథ చెప్పి ఉంటుందని పద్మలత అనుకుంది. తన పాఠం గురించి ఇంతవరకు ఎవరూ అడిగింది లేదు. ముఖం విప్పారింది.

"ఎరికే చిన్నమ్మా. పాపం, ఆమెకు మస్తు అన్యాయం జేసిండు. తలుపు రేపు తీస్తరు."

"నువ్వెట్ల ఊకున్నవే?"

"ఏం జెయ్యాలె, నాకు ఇంగ్లీషు సక్కగ రాకపాయె."

ఆ మాటతో ఈదమ్మకు మొదటి పెళ్లాం చదువుకున్న మనిషని కూడా తేలిపోయింది.

మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి పద్మలత భర్త దేవేందర్ వచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. ఎవరో పోయారనుకుని అతను వాళ్లను తోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఒక్కదాన్ని సాకలేనోడివి రెండోదాన్ని ఎందుకు జేసుకున్నవ్‌రా?" అంది ఈదమ్మ.

"రెండోదేంది?"

"సదువుకున్న పిల్లకు నూకలేసి కుట్టుపని జేయిస్తవా? పోలీసులకు చెప్పాల్నా?"

దేవేందర్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరూ తనలాగే నోరు తెరుచుకుని ఉన్నారు. తల్లి "ఒద్దురా, ఒద్దు" అంటున్నా ఆమె కొంగున ఉన్న తాళంచెవి లాక్కుని అర్ర తీశాడు.

కోడి లేచింది. ముందు ఈదమ్మ భుజం మీదికి, అక్కణ్నుంచి గోడ మీదికి, ఆపైన గోడ అవతలికి. భవిత ఏడుపు అందుకుంది.

"అవ్వా, ఆమె కోడైపోయింది."

ఎవరు ఎవరితో ఏమన్నారో విడదీసేసరికి రెండుసార్లు టీ పెట్టాల్సి వచ్చింది. ఎటు తిప్పినా మాట పాఠం దగ్గరికే వచ్చి ఆగింది.

"పిల్ల జడుసుకున్నది, కోడి గుడ్లిడిసి లేచింది, నా కొడుకు ఇజ్జత్ పోయింది," అంది దుర్గాబాయి. "ఇగ క్లాసు లేదు, గీసు లేదు. పిల్లను నేను చూడ."

పిల్లను భయపెట్టింది తనే కదా అనుకుంది పద్మలత. పుస్తకాన్ని పెట్టెలో చీరల కిందికి తోసింది. భవితను ఒళ్లో వేసుకుని అర్ర గడపలో కూర్చుని, బుట్టలోని గుడ్డు ఒకటి పిల్ల వేళ్లకు తాకించింది. ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.

"మరి గామె ఏడికి పోయింది అమ్మా?" అంది భవిత, ఏడుపు మరిచిపోయి.

"నాకు తెల్వదు బిడ్డా. రేపు సారు చెప్తుండె. నేను పోతలేను."

వాకిట్లో కోడిని పిలుస్తున్న దుర్గాబాయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పిలిచింది. పొద్దుగూకేసరికి కోడి తనే వచ్చి గుడ్ల మీద కూర్చుంది. దుర్గాబాయి మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

తెల్లారి పద్మలతను లేపింది ఆమే.

"లే జల్దీ. బస్సు పోతది."

"పిల్ల, అత్తమ్మా?"

"నేను లేనా? ఈదమ్మ గూడ వస్తనన్నది. మాకు నిద్ర పట్టలే. నువ్వు పొయ్యి, గా తలుపు తీస్తే లోపల ఎవరున్నరో సక్కగ ఇని రా. సగం జెప్పి సంపకు."

సాయంత్రం పద్మలత తిరిగొచ్చేసరికి నిన్నటి ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. కోడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

"లోపల ఎవ్వరు లేరంట," అంది పద్మలత. "ఒట్టి మిషన్ ఉన్నదంట. దాని మీద సగం కుట్టిన పసిపిల్ల అంగీ. తాళమేమో ఆయన జేసిన తప్పుకు గుర్తంట. చప్పుడు ఆయన మనసులకెళ్లే వస్తుండెనంట."

భవిత తల్లి ఒళ్లోకి ఎక్కింది.

"పాప ఏది?"

"పుట్టనే లేదు బిడ్డా."

"అంగీ గూడ పూర్తి జెయ్యనియ్యలే, వాని బతుకు పాడుగాను," అని దుర్గాబాయి కొంగుతో కళ్లొత్తుకుంది. కోడలి చేతిలోని సంచి అందుకుని, పుస్తకం తీసి, మడత పడిన అట్టను అరచేత్తో చదును చేసింది. "వచ్చే ఆయితారం ఏం పాఠం?"

పద్యమని పద్మలత చెప్పింది. అందులో పెళ్లాలెందరో అడిగి తెలుసుకున్నాకే దేవేందర్ టీ తాగాడు.