ముప్పావు డిగ్రీ ఉన్నవాడి అదృష్టం

డిగ్రీలో చేరండి. పూర్తి మాత్రం చేయకండి!

ఈ మాట ఊరికే అనడం లేదు. మా మేనల్లుడు రెండేళ్లుగా ఉద్యోగం వెతుకుతున్నాడు. వాడి డిగ్రీ చివరి పరీక్షల ముందు ఆగిపోయింది. వాడు ఎక్కి దిగిన ఆఫీసుల కథలు విన్నాక, చదువు పూర్తి చేసినవాళ్లు ఏం కోల్పోతున్నారో నాకు అర్థమైంది. విలేకరినై ఉండి పాఠకులతో పంచుకోకపోతే తప్పవుతుంది.

మొదటి లాభం పరువు. డిగ్రీ పూర్తయి ఉద్యోగం లేనివాణ్ని లోకం నిరుద్యోగి అంటుంది. డిగ్రీ పూర్తికాక ఉద్యోగం లేనివాణ్ని విద్యార్థి అంటుంది. పక్కింటావిడ గోడ మీదుగా అడిగినప్పుడల్లా మా అక్క తడుముకోకుండా జవాబు చెబుతుంది.

"మీవాడు ఏం చేస్తున్నాడు వదినా?"

"చదువుకుంటున్నాడు."

"ఇంకానా?"

"తొందరేముంది? బాగా చదువుకోనీ."

డిగ్రీ చేతికొచ్చి ఉంటే మా అక్క ఈ మాట అనగలిగేదా?

రెండో లాభం సమయం. డిగ్రీ ఉన్నవాణ్ని ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి నీ బలాలేమిటి, బలహీనతలేమిటి, అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావు అని పీడిస్తారు. మావాణ్ని ఎవరూ పీడించలేదు. కవరు తెరుస్తారు. కాగితాలు తిరగేస్తారు. కవరు మూస్తారు. కుర్చీ వేడెక్కకముందే వాడు మెట్లు దిగుతుంటాడు. అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటాడో వాళ్లకు అడక్కుండానే తెలుసు.

ఉద్యోగాలిచ్చేవాళ్లకూ ఇది వరమే. మనిషిని చూసి పనికొస్తాడో లేదో తేల్చాలంటే బుర్ర పెట్టాలి, మాట్లాడాలి, ఒక్కోసారి కాఫీ కూడా ఇప్పించాలి. కాగితం చూసి తేల్చేస్తే ఇవేవీ అక్కర్లేదు. ఒక ఆఫీసులో మేనేజరు కవరు మూసేశాకే తలెత్తి చూశాడట. అప్పటికి మావాడు గుమ్మం దగ్గరున్నాడు. కాబట్టి వీపు చూశాడు.

ఒక షాపింగ్ కాంప్లెక్సులో పార్కింగ్ టోకెన్లు ఇచ్చే పని ఉందంటే వెళ్లాడు. అర్హత, ఏదైనా డిగ్రీ.

"డిగ్రీ చేసినవాళ్లు కస్టమర్లతో మాట్లాడే తీరు వేరు బాబూ," అన్నాడు అక్కడి సూపర్‌వైజరు.

"ఏం మాట్లాడాలి సార్?"

"ఏమీ మాట్లాడకూడదు. టోకెనిచ్చి చెయ్యి ఊపాలి."

ఏదైనా డిగ్రీ! ఆ 'ఏదైనా'లో ఎంత ఉదారత ఉందో గమనించారా? వృక్షశాస్త్రం చదివినా టోకెనివ్వచ్చు, చరిత్ర చదివినా టోకెనివ్వచ్చు. ఏం చదివావన్నది వాళ్లకు అక్కర్లేదు. ముగించావా లేదా అన్నదొక్కటే కావాలి.

పరుపుల షోరూములో కస్టమర్ల ముందు పరుపు మీద పడుకుని చూపించే పనికీ డిగ్రీ అడిగారు. మూడేళ్లు క్లాసులో నిద్రపోయిన అనుభవముంటే మావాడు ఆ సంగతైనా చెప్పుకునేవాడు. కానీ వాడు క్లాసులో ఉంటే కదా!

అవును, అసలు సంగతి అదే. వాడి డిగ్రీ ఎందుకు ఆగిందంటే, అటెండెన్సు చాలక. సినిమాలు, షికార్లు అనుకుంటున్నారేమో. అంత భాగ్యం కూడా లేదు.

మొదటి సంవత్సరంలో ఒకరోజు ఎకనామిక్స్ లెక్చరరు ప్రొజెక్టరు వేస్తే గోడ మీద నీలం రంగు తప్ప ఏమీ పడలేదు. ఎవరికైనా తెలుసా అని ఆయన అడిగారు. మావాడు లేచి నిలబడ్డాడు. వాడు జీవితంలో చేసిన పొరపాటు అదొక్కటే. వైరు తీసి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టాడు. బొమ్మ పడింది.

మర్నాడు పక్క క్లాసు నుంచి పిలుపొచ్చింది. వారం తిరిగేసరికి పై అంతస్తు నుంచి. ఆ కాలేజీలో ప్రతి గదిలోనూ ఒక ప్రొజెక్టరుంది, ప్రతి ప్రొజెక్టరుకూ ఒక జబ్బుంది, వాటిని చూసుకునే మనిషి మాత్రం లేడు. వాడికి 'రిమోట్' అని పేరు పెట్టారు. "రిమోట్ ఏడీ?" అని ఏ లెక్చరరు అరిచినా వాడు తన క్లాసు వదిలి పరుగెత్తాలి. తిరిగొచ్చేసరికి హాజరు తీసుకోవడం అయిపోయేది.

మొదటి రెండేళ్లు హాజరు చాలకపోయినా లెక్చరర్లు చూసీచూడనట్టు పరీక్షలకు వదిలేశారు. మూడో ఏడు హాజరు కంప్యూటర్‌కెక్కింది. దానికి చూసీచూడనట్టు ఉండటం రాదు. హాల్ టికెట్ ఆగిపోయింది. మావాడు విభాగం హెడ్డు దగ్గరికి వెళ్లాడు.

"రూలు రూలేనోయ్. క్లాసుకు రావాల్సింది," అన్నారాయన.

"మీ క్లాసులోనే ఉన్నాను సార్. మీరే పిలిచారు."

"అది జూనియర్ల క్లాసు. నీ క్లాసు కాదుగా."

ఎంత న్యాయంగా మాట్లాడారో చూడండి! మళ్లీ ఏడాదంతా చదవమని సలహా కూడా ఇచ్చారు. ఆ ఏడే మా బావగారు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఇంట్లోకి ఒక జీతం రావాలి. అది మావాడిదే కావాలి. అందుకని వాడు కవరు పట్టుకుని బయల్దేరాడు.

అలా రెండేళ్లు తిరిగాక, పోయిన నెల ఒక ప్రకటన కనిపించింది. అదే కాలేజీ. ప్రొజెక్టర్లు, మైకులు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. పర్మనెంటు. అర్హత, ఏదైనా డిగ్రీ, రెండేళ్ల అనుభవం.

మా అక్క ఆ కాగితం ముక్కని నాలుగుసార్లు చదివింది. "నీ కోసమే వేశార్రా," అంది. చొక్కా తనే ఇస్త్రీ చేసింది. బావగారు చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నారు. ఇంటర్వ్యూ ఆయనకు కాదని ఎవరూ గుర్తు చేయలేదు.

ప్రిన్సిపాల్ గదిలో ఇద్దరున్నారు, ప్రిన్సిపాలూ, మన హెడ్డుగారూ.

"అరే, మన రిమోట్ సార్!" అని హెడ్డుగారు సంబరపడ్డారు. "ఏమోయ్, చిక్కిపోయావు?"

ప్రిన్సిపాల్ కవరు తెరిచారు. "డిగ్రీ ఏదీ?"

"అటెండెన్సు తగ్గింది సార్."

"అదే మరి. ఈ కాలం పిల్లలు క్లాసులో కూర్చోరు. పోనీ, అనుభవం?"

"మూడేళ్లు సార్. ఇక్కడే."

"దానికి సర్టిఫికెట్ ఉందా?"

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. "ఎలా ఇస్తాం సార్? క్లాసు టైములో స్టూడెంటు చేత పని చేయించామని మనమే రాసివ్వాలా?"

పాఠకులారా, ఇక్కడ కాసేపు ఆగండి. క్లాసు లెక్క ప్రకారం మావాడు ఆ మూడేళ్లూ క్లాసులో లేడు. ఆఫీసు లెక్క ప్రకారం పనిలోనూ లేడు. పొద్దున్నే కాలేజీకి వెళ్లి, సాయంత్రం దాకా ఆ భవనంలోనే ఉండి, ఎక్కడా లేకుండా ఉండటం! అడవుల్లో తపస్సు చేసిన మునులకైనా సాధ్యమైందా? డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఇలాంటి సిద్ధి కలలోనైనా దొరకదు.

"బయట కూర్చో బాబూ. కబురు చేస్తాం," అన్నారు ప్రిన్సిపాల్.

వరండాలో బెంచీ ఉంది. వాడు కూర్చున్నాడు. తర్వాతి అభ్యర్థి లోపలికి వెళ్లాడు. భూగోళశాస్త్రంలో డిగ్రీ, ఫస్ట్ క్లాసు. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసి పనితనం చూపించమన్నారట. కాసేపటికి తలుపు తెరుచుకుంది. అటెండరు బయటికొచ్చాడు. మావాడికి ఆ పేరు పెట్టిన నాటి నుంచీ 'రిమోట్ ఏడీ' అని వెతుక్కుంటూ మెట్లెక్కింది ఈయనే.

"రిమోట్ బాబూ, సార్ పిలుస్తున్నారు."

మావాడు చటుక్కున లేచాడు. "సెలక్టయ్యానా అన్నా?"

"అదేం లేదు. ఆ అబ్బాయికి బొమ్మ పడట్లేదంట. నువ్వొచ్చి ఓసారి చూసిపోవాలంట."

మావాడు మళ్లీ కూర్చున్నాడు. ఇక్కడే తప్పు చేశాడు. ఇన్ని లాభాలిచ్చిన సంస్థ మీద కృతజ్ఞత చూపాల్సిన చోట చూపలేదు.

"క్లాసులో ఉన్నానని చెప్పన్నా," అన్నాడు.

అటెండరు వాడి వంక చూశాడు. బెంచీ వంక చూశాడు. తల గోక్కుని లోపలికి వెళ్లాడు. తలుపు పూర్తిగా మూయలేదు కాబట్టి మాట బయటికి వినిపించింది.

"వాడు క్లాసులో ఉన్నాడంట సార్."

ఇది పచ్చి అబద్ధం. నేను ఖండిస్తున్నాను. కానీ ఒక విలేకరిగా ఇంకో సంగతి కూడా నమోదు చేయాలి. మావాడు క్లాసులో ఉన్నాడని ఆ కాలేజీలో ఒక మనిషి పైవాళ్లకు చెప్పడం అదే మొదటిసారి.