నాలుగువందల పదమూడో సమాధి

సోమవారం పొద్దున మా వోల్కా ఊరి సమాధుల తోటలో ఒక సమాధి ఎక్కువైంది!

శనివారం పొద్దున తోట కాపరి హిరోనిమ్ లెక్కపెట్టినప్పుడు నాలుగువందల పన్నెండు. సోమవారం నాలుగువందల పదమూడు. మధ్యలో ఊళ్ళో ఎవరూ చనిపోలేదు. కనీసం ఎవరికీ జలుబు కూడా చెయ్యలేదు.

బర్చ్ చెట్టు మొదలుకి ఆనించి ఒక చిన్న రాయి. దాని నిండా పచ్చగా పాచి. ‘బ్లాజెయ్, కతాజినా స్కిబిత్స్కీ దంపతులు, 1889’. పక్కనే ఒక పిల్లి కూర్చుని ఆ రాయిని శ్రద్ధగా నాకుతోంది. హిరోనిమ్ వంగి వాసన చూశాడు. పుల్లటి మజ్జిగ! రాయి వెనక్కి వేళ్ళు దూర్చి తడిమాడు. ఒక ఒకటి, ఒక తొమ్మిది చేతికి తగిలాయి. ఆ తర్వాత నున్నగా, ఖాళీగా ఉంది. తోట గేటు నుంచి అడవి దారి వైపు ఒంటి చక్రం బండి జాడ.

పోలీసులకి సాక్ష్యంగా ఉంటుందని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

ఈ పని ఎవరిదో మీకు చివర్లో తెలుస్తుంది. అంతకన్నా ముందు మీరు ఒక సత్యం ఒప్పుకోవాలి. పోలండ్ పల్లెలకి ఈ శతాబ్దంలో దక్కిన అతి పెద్ద వరం ఏది? యూరప్ నిధులా? ఇంటర్నెట్టా? కానే కాదు. ముత్తాతల్ని వెతుక్కుంటూ వచ్చే అమెరికావాళ్ళు!

నవ్వకండి. వాళ్ళ వల్ల నష్టపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. మా ఊరి ప్లంబర్ యాభై ఏళ్ళుగా తన ముక్కుని అద్దంలో చూసుకుని తిట్టుకునేవాడు. పోయిన వేసవిలో షికాగో నుంచి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు దాన్ని చూసి, ‘అచ్చం మా తాత ముక్కే!’ అని కావలించుకుని భోరుమన్నారు. ఇప్పుడాయన ముక్కు పైకెత్తుకుని నడుస్తున్నాడు. మా పక్కింటి పెరట్లో మట్టిని ఒక జంట రెండు సంచుల నిండా ఎత్తుకెళ్ళింది, పూర్వీకుల పాదధూళి అని. ఆ మట్టి ముందు నెల లారీలో తెప్పించి పోయించిందని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకాయనైతే మా ఆవుని ముద్దుపెట్టుకున్నాడు. సొంత యజమాని ఏనాడైనా ఆ పని చేశాడా?

అలాంటి ఒక వరమే పోయిన జూన్‌లో టాక్సీలో వచ్చి మా కొట్టు ముందు దిగింది. పేరు డార్లీన్ స్కిబ్. ఊరు బఫెలో. పళ్ళ డాక్టరుగా రిటైరయ్యారు, మోకాలికి ఆపరేషన్ అయింది. స్కిబ్ అంటే అసలు స్కిబిత్స్కీ. మిగతా అక్షరాలు దారిలో సముద్రంలో పడిపోయాయి.

ఆవిడ ముత్తాత వాలెంతీ ఓడెక్కినప్పుడు గుమాస్తా ‘సొంతూరు: వోల్కా’ అని రాసుకుని చేతులు దులుపుకున్నాడు. దేశంలో వోల్కాలు వందల్లో ఉన్నాయి. ఏ వోల్కా నాయనా అని ఎవరడిగారు? మాది ఆవిడకి ఐదో వోల్కా.

కొట్టు ముందు బెంచీ మీద హిరోనిమ్, డెబ్బై తొమ్మిదేళ్ళ గెనోవెఫా మజ్‌గాయ్ కూర్చుని ఉన్నారు. డార్లీన్ గారు తన ఫోన్‌లో ఏదో చెప్పారు. ఫోన్ మా భాషలో గంభీరంగా పలికింది: “మదీయ ప్రపితామహుని గ్రామము ఇదియేనా?”

“పెద్దమ్మా, ఈ ఫోన్‌లో ఎవరో బిషప్ గారు ఇరుక్కున్నట్టున్నారు,” అన్నాడు హిరోనిమ్.

“నోర్ముయ్ రా వెధవా. ఏమ్మా, మీ ముత్తాత ఇంకేమైనా గుర్తు చెప్పాడా?”

ఒక్క మాట చెప్పాడట. ‘మా వోల్కాలో చర్చికి పోవాలంటే వాగు దాటాలి.’ చనిపోయే రోజు కూడా అదే అన్నాడట. మొదటి వోల్కాలో వాగు లేదు. రెండు, మూడు వోల్కాల్లో వాగుంది, చర్చి లేదు. నాలుగో దాంట్లో రెండూ లేవు, పిజ్జా కొట్టుంది.

మా దగ్గర వాగుంది. చర్చి, సమాధుల తోట దాని అవతలి ఒడ్డున ఉన్నాయి. లేనిది వంతెన! మూడేళ్ళ కిందట వరదలో కొట్టుకుపోయింది. స్కిబిత్స్కీలు మావాళ్ళేనా అంటే ఎవరికి తెలుసు? చర్చి పుస్తకాలు యుద్ధంలో తగలబడ్డాయి. డార్లీన్ గారు వాగు ఒడ్డున గంటసేపు నిలబడి అవతలి శిలువల్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు. గెనోవెఫా కూడా పక్కనే నిలబడి చూసింది. ఆవిడ భర్త లుడ్విక్ అక్కడే ఉన్నాడు మరి. రాళ్ళు చెక్కే మనిషి, వరదకి ముందటి ఏడాదే పోయాడు.

వంతెన పోయాక తోటకి అడవి చుట్టూ ఏడు కిలోమీటర్లు. కారు పోదు. గెనోవెఫా ప్రతి శనివారం నడిచే వెళ్తుంది, సమాధి తుడిచి దీపం పెట్టి నడిచే వస్తుంది. వంతెన కోసం మండలాఫీసుకి పదకొండు అర్జీలు పెట్టింది. పదకొండుసార్లూ మండలాధ్యక్షుడు బుచెక్ గారి సంతకంతో ఒకే జవాబు: ‘వాగు అవతల నివసిస్తున్న జనాభా సున్నా. కావున వంతెన అవసరం కనబడుట లేదు.’ ఆదివారం పూజ కూడా ఫైర్ స్టేషన్‌లోకి మార్చేశాం, గొట్టాల మధ్య మోకరిల్లుతున్నాం. ఆఫీసు లెక్క ఎంత కచ్చితమో చూడండి! చచ్చినవాళ్ళకి వంతెన ఎందుకు?

ఇక మళ్ళీ ఆ సోమవారానికి వద్దాం. ఆగస్టులో తిరిగొస్తానన్న డార్లీన్ గారు సరిగ్గా ఆ మధ్యాహ్నమే వచ్చారు. హిరోనిమ్ అప్పుడే సైకిలు దిగి కొట్టు దగ్గర ఫొటో అందరికీ చూపిస్తూ, “ఇది నేరం! మా తోటలో దొంగ సమాధి!” అని చేతులూపుతున్నాడు. ఆవిడ తొంగి చూశారు. ఒక్క కేక పెట్టి అతని భుజం మీద వాలిపోయారు.

“లభించితిరి! లభించితిరి!” అంది ఫోన్.

హిరోనిమ్ నోరు తెరిచాడు. ఆవిడ ఏడుస్తున్నారు. నోరు మూశాడు.

“ఏమంటావురా?” అంది గెనోవెఫా.

“ఏమనాలి పెద్దమ్మా? వాళ్ళే కాబోలు.”

డార్లీన్ గారు వాగు ఒడ్డున నిలబడి, చెయ్యి చాపి, ‘మా వాళ్ళు అక్కడున్నారు, నేనిక్కడున్నాను, మధ్యలో వంతెన లేదు’ అని వెక్కిళ్ళు పెడుతూ తీసుకున్న వీడియోని వారంలో రెండు లక్షల మంది చూశారు. తొమ్మిదో రోజున బుచెక్ గారు స్వయంగా వచ్చారు. ఆయన బూట్లకి మా ఊరి బురద అంటడం అదే మొదటిసారి. పదో రోజున కొలతల వాళ్ళు వచ్చారు. అక్టోబరు చివరికల్లా వంతెన లేచింది! రెయిలింగుతో, దీపాలతో, ‘స్కిబిత్స్కీ వారధి’ అనే ఇత్తడి పలకతో!

ఇప్పుడైనా ఒప్పుకుంటారా వరమని? అందుకే నా విన్నపం. ఊరికి రోడ్డు లేదా? ఒక సమాధి తవ్వండి. డాక్టరు రావడం లేదా? రెండు తవ్వండి. బడి మూసేస్తారట, కనీసం అరడజను ముత్తాతలు కావాలి. బతికున్న మనుషులు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోవడం ఎంత వెనకబాటుతనం!

సమాధుల మీద దీపాలు పెట్టే సకల పునీతుల పండగకి ముందు రోజు ప్రారంభోత్సవం. బుచెక్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ‘మూలాల్ని మరిచిన జాతికి భవిష్యత్తు లేదు’ అన్నారు. ఊళ్ళో పెద్దదని గెనోవెఫా చేతికి కత్తెర ఉన్న పళ్ళెం ఇచ్చారు. రిబ్బను కత్తిరించబోతూ డార్లీన్ గారు ఫోన్‌లో ఏదో చెప్పారు.

“రక్తసంబంధ పరీక్షార్థము మదీయ పూర్వీకుల అస్థి నొకదానిని కోరెదను,” అంది ఫోన్.

“ఒకటేమిటి మేడమ్! రేపే తవ్విస్తాం! అనుమతి నా జేబులో ఉందనుకోండి,” అన్నారు బుచెక్ గారు.

హిరోనిమ్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గెనోవెఫా మాత్రం నిదానంగా కత్తెర అందించింది. రిబ్బను తెగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ పళ్ళెం కింద పెట్టింది.

“రిబ్బను కోసేశారుగా? ఇంక వంతెన వెనక్కి పట్టుకుపోలేరుగా? అయితే వినండి. ఆ రాయి కింద ఎవరూ లేరు. అది నా రాయి. మా లుడ్విక్ తనకీ నాకూ ముందే చెక్కి పెట్టాడు. నా పేరు, పుట్టిన ఏడు, ఆ పైన ‘19’ అని చెక్కి, మిగతా రెండంకెలకీ జాగా వదిలాడు. నేను రెండు వేల సంవత్సరం చూడనని ఆయన నమ్మకం. చూశాను! ఆయన తల గోక్కున్నాడు. అప్పట్నుంచీ రాయి కొట్టంలో పడుంది. దాన్నే తిరగేసి, ఆయన ఉలితోనే మీవాళ్ళ పేర్లు చెక్కాను తల్లీ. ఇంటిపేరు నువ్వు చెప్పిందే, మిగతావి క్యాలెండర్‌లో పునీతుల పేర్లు చూసి పెట్టాను. పాచి పట్టాలని నెల్లాళ్ళు మజ్జిగ పూశాను. బండి మీద రెండు శనివారాలు తోసుకెళ్ళాను, మొదటి వారం అడవిలో ఆకుల కింద దాచి. మీవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలీదు, నన్ను క్షమించు. కానీ వాగు దాటి చర్చికి పోయినవాళ్ళు మాకు పరాయివాళ్ళెలా అవుతారు? రేపు పండగకి వాళ్ళకీ ఒక దీపం పెడతాను. రాయి అక్కడే ఉండనీ. బుచెక్ బాబూ, అవతల జనాభా సున్నా అన్నావు, పదకొండుసార్లు. అక్కడ నాకు ఒక మనిషి ఉన్నాడు నాయనా. పోలీసుల్ని పిలుస్తావో, పిలువు. నేను మాత్రం కొత్త రాయి చేయించుకోవాలి. ఈసారి దాని మీద పోయే ఏడు చెక్కించను. చర్చి కప్పు కూడా కారుతోందిగా, దానికింకా మొదటి అర్జీయే పెట్టాను. మీ ఆఫీసు చేసే వేగానికి నేనింకా ఎన్నేళ్ళు బతకాలో ఏమో!”