కొత్త సర్వర్ వ్రతకల్పం

అమెరికాలో నిజం చెప్పడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రాజ్యాంగంలోనే ఉంది. కాకపోతే ఆ నిజానికి బడ్జెట్ మంజూరు కావాలంటే మాత్రం అది కథ అయ్యుండాలి. ఇది రాజ్యాంగంలో లేదు, జెర్సీ సిటీలోని హడ్సన్ హెరాన్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగుల హ్యాండ్‌బుక్‌లో ఉంది. (రెండింట్లో ఏది మీరితే ఉద్యోగం పోతుందో అందరికీ తెలుసు.)

కొత్తగా వచ్చిన వైస్ ప్రెసిడెంట్ డగ్ ఏదో లీడర్‌షిప్ క్యాంపుకి వెళ్ళి, అక్కడ మంట చుట్టూ కూర్చుని, మనిషన్నవాడు లెక్కలకి లొంగడు, కథలకే లొంగుతాడని కనిపెట్టుకొచ్చాడు. వచ్చిన సోమవారమే నెరేటివ్ డిపార్ట్‌మెంట్ పుట్టింది. కాన్ఫరెన్స్ రూమ్ పేరు 'క్యాంప్‌ఫైర్' అయింది. (లోపల అగ్గిపుల్ల గీస్తే నెత్తిమీద స్ప్రింక్లర్లు తెరుచుకుంటాయి.) ఆనాటి నుంచీ స్టేప్లర్ కావాలన్నా అందులో హీరో ఉండాలి, విలన్ ఉండాలి, రెండో స్లైడ్ దాటేలోపు ఎవరిదో ఒకరి బాల్యం రావాలి. వినేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లకముందు స్లైడ్ మీద అంకెలు వేయకూడదు. విలన్‌గా బడ్జెట్‌ని పెట్టకూడదు, ఎందుకంటే బడ్జెట్ డగ్‌ది.

ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. అకౌంట్స్ వాళ్ళు అట్లాంటిక్ దాటొచ్చిన ఒక ముత్తవ్వ కథ చెప్పి బాత్రూముల్లోకి రెండు పొరల టాయిలెట్ పేపర్ సాధించారు. కంప్యూటర్లు చూసుకునే త్రివేణి పక్క సీటు ఫణి, జీవితమంతా నిలబడే కష్టపడిన తాతయ్య కథ చెప్పి, నిలబడి పనిచేసుకునే టేబుల్ తెచ్చుకున్నాడు.

"మీ తాత బ్యాంక్ మేనేజర్ కదా? కుర్చీలోంచి లేచేవాడే కాదన్నావు?" అంది త్రివేణి.

"గదంత ఫస్ట్ డ్రాఫ్టు," అన్నాడు ఫణి, ఆ టేబుల్ ముందు కూర్చునే.

త్రివేణికి టేబుల్ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది ఒక సర్వర్. కంపెనీ పాలసీదారుల క్లెయిములన్నీ డాల్ఫిన్ అనే ఒకే ఒక్క ముసలి మెషీన్‌లో ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దానికి బ్యాకప్ లేదు. క్యాంప్‌ఫైర్ రూమ్ గోడ అవతల ఉండే ఆ డాల్ఫిన్, ఫ్యాన్ అరిగిపోయి, నీళ్ళు పోయని గ్రైండర్‌లా రాత్రింబవళ్ళు రుబ్బుతూ ఉంటుంది. కంపెనీ రికార్డులో 'సర్వర్ ఓనర్' అన్న చోట త్రివేణి పేరుంది. (ఓనర్ అంటే దాన్ని కొనే అధికారం ఉన్నవారు కాదు. అది పోయినప్పుడు దానితోపాటు పోయేవారు.) ఆవిడ ఉన్నది హెచ్‌వన్ వీసా మీద. అంటే డాల్ఫిన్ ఫ్యాన్‌కి ఉద్యోగం, ఉద్యోగానికి వీసా, వీసాకి ఆవిడుండే ఎడిసన్ ఊళ్ళోని అపార్ట్‌మెంటూ అందులోని కరివేపాకు కుండీతో సహా కట్టేసి ఉన్నాయి.

అందుకని మొదటిసారి ఆవిడ ఒకే స్లైడ్‌తో వెళ్ళింది. 'ఈ సర్వర్ చచ్చిపోబోతోంది. కొత్తది కొనండి.'

నెరేటివ్ డైరెక్టర్ నీల్ దాన్ని చాలాసేపు చూశాడు. ఎడిసన్‌లో పుట్టిపెరిగిన తెలుగు కుర్రాడు, త్రివేణికన్నా మహా అయితే ఎనిమిదేళ్ళు చిన్న.

"ఆంటీ, ఇందులో ఎమోషన్ ఎక్కడ ఉంది?"

"భయం ఉంది కదా. ఇంకా, ఆఫీసులో ఆంటీ అనకు నీల్."

"ఓకే ఆంటీ. భయం ఎవరిది?"

"నాది."

"అది స్టేక్‌హోల్డర్ ఎమోషన్ కాదు."

రెండోసారి ఆవిడ సర్వర్‌కి బాల్యం పెట్టింది. డెలావేర్ గోడౌన్‌లో అట్టపెట్టెలో పడుకుని పెద్ద పెద్ద కలలు కన్న ఒక చిన్న సర్వర్. నీల్ కాస్త కదిలాడు గానీ కరగలేదు. "నాకు అది రిలేట్ అవ్వలేదు ఆంటీ. స్కూల్‌లో అది ఏం స్పోర్ట్ ఆడింది?" అనడిగి, ఫైలు తిప్పి పంపేశాడు.

ఆ శనివారం ఎడిసన్‌లో నాగమల్లేశ్వరి ఆంటీ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. అల్లుడు కొత్త కారు కొన్నాడు. (ఎడిసన్‌లో వ్రతం లేకుండా రోడ్డెక్కిన కారుకి ఇన్సూరెన్స్ ఉన్నా లేనట్టే లెక్క.) త్రివేణి గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చుని చుట్టూ చూసింది. హాలు నిండా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఆఫీసు మీటింగులో పట్టుమని పది నిమిషాలు కెమెరా ఆన్ చేయని మనుషులు, ఇక్కడ కార్పెట్ మీద కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా కదలకుండా కథ వింటున్నారు. చేస్తానని మొక్కుకుని చేసినవాడు బాగుపడ్డాడు. మొక్కుకుని మరిచినవాడి సరుకంతా పోయింది. ప్రసాదం తీసుకోకుండా లేచినవాళ్ళ సంగతి సరేసరి. రిటర్న్ ఆన్ ఇన్వెస్ట్‌మెంట్ ఎంత అని ఒక్కరూ అడగడం లేదు. చివర్న అందరికీ తిండి కూడా ఉంది.

"ఏమే త్రివేణీ, అక్షింతలు అలా నలిపేస్తున్నావేంటి? మనసు కథ మీద పెట్టు," అంది ఆంటీ మెల్లగా.

"ఆంటీ, ప్రసాదం తీసుకోకపోతే నిజంగా ఏమవుతుంది?"

"ఏమవుతుందో చూద్దామని ఇంతవరకూ ఎవరూ ఆగలేదే."

"మరి మేం వ్రతం చేయించుకోలేదు కదా, ఊరికే వచ్చాం."

"చేసుకోలేకపోయినా విన్నా చాలు తల్లీ. అంతే పుణ్యం." ఆంటీ కప్పులో కేసరి పెట్టి చేతికిచ్చింది. "ఇదిగో, కళ్ళకద్దుకుని తిను."

త్రివేణి కళ్ళకద్దుకుంది. మూడోసారి వినిపించాల్సిన పిచ్ అక్కడే సిద్ధమైపోయింది.

పిచ్ రోజున ఆవిడ పొద్దున్నే లేచి పెద్ద ట్రే నిండా కేసరి చేసి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చింది. జీడిపప్పు వేయలేదు. (నట్ అలర్జీ పాలసీ. కంపెనీలో కథ లేకుండా పాసైన ఆఖరి పాలసీ అదే.) క్యాంప్‌ఫైర్ రూమ్‌లో డగ్, నీల్, ఫైనాన్స్ బ్రెండా, తక్కిన పెద్దలు కూర్చున్నాక, ఒక్కొక్కరి చేతిలో పసుపు కలిపిన బియ్యం పెట్టింది.

"ఇందులో గ్లూటెన్ ఉందా?" అన్నాడు డగ్.

"లేదు. తినడానికి కాదు, గుప్పిట్లో పట్టుకుని వినడానికి."

డగ్ మొహం వెలిగిపోయింది. వినడానికి ఒక పరికరం ఉంటుందని ఆయనకి క్యాంపులో చెప్పలేదు.

త్రివేణి మొదలుపెట్టింది. ఒహాయోలో ఒక ట్రక్కుల కంపెనీ యజమాని ఉండేవాడు. క్వార్టర్ రిజల్ట్స్ బాగుంటే కొత్త సర్వర్ కొంటానని మొక్కుకున్నాడు. రిజల్ట్స్ బాగున్నాయి. వచ్చే క్వార్టర్ చూద్దాంలే అన్నాడు. ఒకరోజు పొద్దున్నే ఫైళ్ళు తెరిస్తే అన్నీ తెల్ల కాగితాలే. (ఫణి రిసెప్షన్ నుంచి తెచ్చిన బెల్ కొట్టాడు. ప్రథమాధ్యాయం సమాప్తం.) స్క్రాంటన్‌లో ఒక పళ్ళ డాక్టర్ కథంతా విన్నాడు గానీ, డైట్‌లో ఉన్నానని ప్రసాదం తినకుండా వెళ్ళాడు. పార్కింగ్ గరాజ్ దాటకముందే పేషెంట్ల ఎక్స్‌రేలన్నీ కలిసిపోయి, అందరికీ ఒకటే పన్ను మిగిలింది. డగ్ గుప్పిలి బిగించాడు. గోడ అవతల డాల్ఫిన్ తంబురా శ్రుతిలా రుబ్బుతూనే ఉంది.

"ఇంతకీ సర్వర్ ఎంత?" అంది బ్రెండా.

"కన్నీళ్ళకి ముందు అంకెలు వద్దు," అన్నాడు నీల్.

అయిదో అధ్యాయంలో డగ్ ఏడ్చాడు. పిచ్ అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ చిన్నప్పటినుంచీ ఏ కథ విన్నా చివర ఒక మాట అనడం అలవాటైన నోరు కదా, అది ఆగలేదు.

"ఈ కథ విన్నవారికి, సర్వర్ కొనలేకపోయినా సరే, సకల డేటా భద్రత కలుగుతుంది," అని ముగించింది.

అక్షింతలు వేయించింది. కేసరి పంచింది. డగ్ రెండుసార్లు పెట్టించుకుని, లేచి నిలబడి, "అప్రూవ్డ్!" అన్నాడు. ఫణి బెల్ అదేపనిగా కొట్టాడు. త్రివేణి ఆ సాయంత్రం కరివేపాకు కుండీకి కొత్త మట్టి కొంది.

మర్నాడు సర్వర్ రిక్వెస్ట్ తెరిచి చూస్తే క్లోజ్ అయి ఉంది. స్టేటస్: 'విన్నాం.'

త్రివేణి పరిగెత్తుకుంటూ నీల్ దగ్గరికి వెళ్ళింది. "అప్రూవ్డ్ అన్నారు కదా, సర్వర్ ఆర్డర్ పెట్టలేదేం?"

"స్టోరీ అప్రూవ్ అయింది ఆంటీ! ప్రతి క్వార్టర్ మీరు చెప్తారు. కేసరికి బడ్జెట్ కూడా ఇచ్చారు."

"సర్వరో?"

"బ్రెండా రెండు ఆప్షన్స్ కంపేర్ చేసింది. కొంటే ప్రొటెక్షన్ వస్తుంది, కాస్ట్ ఉంది. వింటే సేమ్ ప్రొటెక్షన్ వస్తుంది, ఫ్రీ. మీరే చెప్పారు కదా."

"అది ఊరికే చివర్లో అనే మాట నీల్! అలా అనడం మనవాళ్ళ అలవాటు."

"మరి మిగతాది?"

మిగతాది కూడా కల్పితమేనని రాసిస్తే, మేనేజ్‌మెంట్‌ని తప్పుదోవ పట్టించినట్టవుతుంది. ఆ పనికి హ్యాండ్‌బుక్‌లో వేరే పేజీ ఉంది. త్రివేణి వెనక్కి వచ్చి కూర్చుంది.

"నీ కథ మస్తుగుంది. గంత మస్తుగ చెప్పొద్దుండె," అన్నాడు ఫణి.

తరవాతి క్వార్టర్ కథకి పై అంతస్తుల నుంచి కూడా జనం వచ్చారు. గుప్పిట్లో బియ్యం, మొహాల్లో భక్తి. నాలుగో అధ్యాయం మధ్యలో, పళ్ళ డాక్టర్ ఇంకా లిఫ్ట్ దగ్గర ఉండగానే, గదిలో ఉన్నట్టుండి ఎంతో ప్రశాంతంగా అనిపించింది. గోడ అవతల గ్రైండర్ ఆగిపోయింది.

త్రివేణి నోట్లో మాట నోట్లోనే వదిలేసి పరిగెత్తింది. అది కథలో భాగమనుకుని డగ్ చప్పట్లు కొట్టాడు. మిగతా అధ్యాయాలు నీల్ స్లైడ్ చూసి చదివాడు, ఫలశ్రుతితో సహా. అందరూ కేసరి తిన్నారు. అవతల గదిలో త్రివేణి డాల్ఫిన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అన్ని స్విచ్‌లూ నొక్కి, చివరికి చేత్తో తట్టి కూడా చూసింది. అది లేవలేదు. క్లెయిములన్నీ ఒహాయో యజమాని ఫైళ్ళలాగే తెల్లగా అయిపోయాయి.

విచారణ పద్ధతిగానే జరిగింది. విన్నవాళ్ళందరినీ పిలిచి విన్నారా అని అడిగారు. విన్నామన్నారు. శుక్రవారం మధ్యాహ్నం హెచ్ఆర్ వాళ్ళు త్రివేణి బ్యాడ్జ్ తీసుకుని, ఆవిడ చేసిన సేవలకి ఒక కథారూప వీడ్కోలు మెసేజ్ పంపించారు. అందులో హీరో డగ్.

ఎడిసన్ వెళ్ళే రైల్లో ఫణి పక్కన కూర్చుని ఫోన్‌లో విచారణ రిపోర్టు తెరిచాడు.

"ఏం రాశారు?" అంది త్రివేణి కిటికీలోంచి చూస్తూ.

"ఏం లేదు తియ్, ఇడిసిపెట్టు."

"చదువు ఫణీ."

అతను చదివాడు. "రూట్ కాజ్: సర్వర్ ఓనర్ ప్రసాదం తీసుకోకుండా రూమ్ విడిచి వెళ్ళారు."

ఒక స్టేషన్ దాటాక ఫణి బ్యాగ్‌లోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. డాల్ఫిన్ ఆగిన రోజు ఫ్రిజ్‌లో దాచిన ఆవిడ వాటా. త్రివేణి మూత తీసి చూసింది. గట్టిపడిపోయిన కేసరి. అంతా తను అల్లిన కథేనని ఆ రైల్లో అందరికన్నా బాగా ఆవిడకే తెలుసు. ఆ ఒహాయో యజమాని లేడు, ఆ పళ్ళ డాక్టర్ లేడు.

కానీ ఇప్పటిదాకా పోయింది ఉద్యోగం ఒక్కటే, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా వాళ్ళిచ్చే గడువు ఇంకా మిగిలే ఉంది. త్రివేణి కేసరి కళ్ళకద్దుకుని, ఒక్క పలుకు మిగల్చకుండా తినేసింది.