హంతకుడికి సంఘం ఉండరాదు

నాగరికత ముదిరిన చోట మనిషిని చంపడానికి కాస్త తెగింపు ఉంటే చాలు. ఆ చంపడాన్ని సినిమాగా తీయడానికి మాత్రం అనుమతి కావాలి. పుయెర్తో సెరెనో రేవుపట్టణంలో ఆ అనుమతి ఇచ్చేది కల్పిత నేరాల సమన్వయ మండలి. (అసలు నేరాల సంగతి చూసే మండలి ఇంకా ఏర్పడలేదు. భవనం దొరకలేదట.)

ఆ పట్టణంలో అపరాధ నవలలు రాసే మనిషి సొరాయిదా విల్యాసిస్ ఒక్కతే. నీటిపన్ను ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, భోజన విరామాల్లో హత్యలు చేయిస్తుంది. ఆమె 'నోరు తెరవండి' నవలలో పడవ టిక్కెట్లమ్మే అమ్మాయిని ఓ పళ్ళ డాక్టరు చంపి, ఆఖరి పేజీలో ఇన్‌స్పెక్టరుకు దొరికిపోతాడు. రాజధాని క్విటో నుంచి వెల్లింగ్టన్ మోస్కేరా అనే నిర్మాత వచ్చి దాన్ని సినిమాగా తీస్తానన్నాడు. అందరికన్నా ఎక్కువ సంబరపడింది సొరాయిదా పిన్ని యుఫెమియా. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒకసారి ఆవిడ నొప్పి పన్ను వదిలేసి, పక్కనున్న మంచి పన్ను పీకాడు.

"హంతకుణ్ణి మాత్రం మార్చనివ్వకే," అంది చేప పులుసులో ఉల్లిపాయలు చల్లుతూ. "నా పన్ను ఉసురు వాడికి తగలాల్సిందే."

మండలి అధికారి అనీబల్ రెకాల్దే బహు మర్యాదస్తుడు. సొరాయిదాకూ నిర్మాతకూ కాఫీ ఇప్పించి మరీ నిబంధన వినిపించాడు: తెర మీది హంతకుడికి ఏదైనా వృత్తి ఉన్నచో, సదరు వృత్తి సంఘం సమ్మతి తీసుకోవలెను.

"పళ్ళ డాక్టర్ల సంఘం కుదరదందమ్మా," అన్నాడు విచారంగా. "వాళ్ళ చేతుల్లో జనం బాధపడతారే గానీ చావరట."

"నోటరీని చేసేద్దాం సార్," అన్నాడు వెల్లింగ్టన్. ఆశ చావని మనిషి.

ముద్ర వెయ్యకుండా తాము ఏ పనీ చెయ్యమని నోటరీలు జవాబిచ్చారు. కసాయివాళ్ళకు హత్య మీద అభ్యంతరం లేదు గానీ, కత్తిగాటు మరీ మొరటుగా ఉందనీ, అది తమ పనితనానికి మచ్చ అనీ అన్నారు. పోనీ పనీపాటా లేనివాణ్ణి హంతకుణ్ణి చేద్దామంటే, నిరుద్యోగుల సంఘం ఊరేగింపుగా వచ్చింది. (పట్టణంలో అన్నిటికన్నా బలమైన సంఘం అదే. సమావేశానికి రావడానికి ఎవరికీ సెలవు పెట్టే పని లేదు.) మొగుడే చంపాడందామంటే, వివాహిత పురుషుల సమాఖ్య అధ్యక్షుడు భార్యను అడిగి చెబుతానని వెళ్ళాడు, ఆవిడ వద్దంది.

మళ్ళీ మండలి ఆఫీసులో కూర్చున్నప్పుడు సొరాయిదా కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"అయ్యా, ఒక్కమాట. నా చిన్నప్పుడు మా వీధిలో ఇర్మా అని టిక్కెట్లమ్మే అమ్మాయి ఉండేది. నిజంగానే చంపేశారు. ఎవడూ దొరకలేదు. కథలోనైనా ఒకడు దొరకాలని రాశానండీ."

రెకాల్దే కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి దగ్గర టిక్కెట్లు కొన్నవాళ్ళలో ఆయనా ఒకడు.

"మీ ఉద్దేశం బంగారం లాంటిదమ్మా. ఉద్దేశానికి మా అభ్యంతరం లేదు. వచ్చిన చిక్కల్లా ఆ దొరకడంతోనే. దొరికినవాడెవడైనా ఏదో ఒక సంఘంలో ఉంటాడు కదా."

దారి చూపింది వెల్లింగ్టనే. "హంతకుణ్ణి తీసేద్దాం," అన్నాడు. "శవం ఉంటుంది. ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇంటింటికీ వెళ్ళి కాఫీ తాగుతాడు. సముద్రం కేసి చూస్తాడు. వెళ్ళిపోతాడు."

పోలీసు అధికారుల సంఘం సమ్మతి ఇవ్వడమే కాదు, జీపు కూడా ఇచ్చింది.

సొరాయిదా ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. పిన్ని తలుపు అవతలి నుంచే తిట్టింది: "ఏడుస్తూ కూర్చుంటే వాళ్ళు ఆ పిల్లను కూడా తీసేస్తారు. లేచి వెళ్ళు."

వెళ్ళింది. ఒక్కటే కోరింది: సినిమాలో అమ్మాయి పేరు ఇర్మా అనే ఉండాలి, తెర మీద కనబడిన ప్రతివాళ్ళూ ఆ పేరు పలకాలి. చచ్చినవాళ్ళకు సంఘం లేదు కనుక అనుమతి వెంటనే దొరికింది.

షూటింగు పండగలా సాగింది. పళ్ళ డాక్టరు స్వయంగా వచ్చి, "అనుమానితుడి వేషమైతే పర్లేదు, నా ఎడమవైపు ముఖం బాగుంటుంది," అన్నాడు. యుఫెమియా పిన్ని సాక్షి వేషం వేసి, సంభాషణ మధ్యలో రాసివ్వని మాటలు చాలానే అంది. ఊళ్ళో ముసలివాళ్ళు కెమెరా ముందు "ఇర్మా" అనవలసి వచ్చినప్పుడు, దర్శకుడు చెప్పకుండానే గొంతు తగ్గించారు. సొరాయిదా గొడుగు కింద నిలబడి ఆ పేరు వినబడినంతసేపూ విన్నది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

సినిమా బాగా ఆడింది. చలనచిత్రోత్సవానికి సొరాయిదా కొత్త చెప్పులు కరుస్తున్నా భరిస్తూ వెళ్ళి, పిన్నితో కలిసి కథాచిత్రాల వరసలో కూర్చుంది. కథాచిత్రాల బహుమతులన్నీ ఒక్కొక్కటే ఇతరులకు వెళ్ళిపోయాయి.

"పద, పులుసు చల్లారిపోతుంది," అంది పిన్ని, చేతిసంచి అందుకుంటూ.

అంతలో వేదిక మీద నుంచి వాళ్ళ సినిమా పేరు పిలిచారు. ఉత్తమ డాక్యుమెంటరీ.

అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది పోలీసు అధికారుల సంఘం.