తొమ్మిదో నంబరు చొక్కా

పొద్దున్నే జట్టును బడి ముందు కూర్చోబెట్టి, కొండల్ వేసుకుని ఆడిన తొమ్మిదో నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వకుండా బడిగోడకు వేలాడదీయాలని తీర్మానం చేయించాలి. ఇబ్రహీంపట్నం ఫుట్‌బాల్ కెప్టెన్ ఎల్లస్వామి వేసుకున్న పథకం అంతే. కొండల్ రజాకార్ల కాలంలో తుపాకీ పట్టి కమ్యూనిస్టు దళంలో కలిశాడు. పోలీసు చర్యతో రజాకార్లు పోయారు గానీ, ఇప్పుడు మిలిటరీ అతడి కోసం గుట్టలు గాలిస్తోంది. అందుకే కొండల్ జ్వరమొచ్చి గుట్టల్లోనే పోయాడని ఎల్లస్వామే పుకారు పుట్టించాడు. చొక్కా బడిగోడకెక్కితే ఊరి పోలీసు పటేల్ మిలిటరీ క్యాంపుకు చావు కబురు రాస్తాడు, వెతుకులాట ఆగుతుంది. కొండల్ బతికున్న సంగతి ఎల్లస్వామికీ, కొండల్ తల్లి కాశమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

రెండు నిమిషాల పని అనుకున్నాడు పాపం. మన ఊళ్లో చావుకు కూడా పోటీ ఉంటుందని మరిచాడు.

"అబ్దుల్లాపూర్‌మెట్ ఆటల ఖాళీ గోలు పక్కకు గొట్టిండు గదనే. సచ్చిపోతే గది గోలయితదా?" అన్నాడు జట్టులోని వీరస్వామి. "మా తమ్ముడు గత్తరల వాంతులయి పోయిండు. వానిది నాలుగో నంబరు. గోలు గొట్టకపోయినా ఒక్క ఆట ఇడిశిపెట్టలె. ముందుగాల గది తీసెయ్యాలె."

"కొండల్ ఊరి కోసం పోయిండు. గిది వేరే," అన్నాడు ఎల్లస్వామి.

"సావుల వేరేముంటది? మా వానికి దినం జేస్తే పిట్ట ముట్టింది. కొండల్‌కు పిట్టకు పెట్టిన్రా? పిట్ట ముట్టని సావు గూడ సావేనా?"

జట్టంతా తలలూపింది. కాకి అన్నం ముడితేనే చొక్కా గోడకెక్కాలి. పటేల్ ఇంద్రసేనారెడ్డి తానూ వచ్చి చూస్తానన్నాడు. ఎల్లస్వామి కాశమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"బతికున్న కొడుకుకు పిట్టకు పెట్టమంటవా? నోరెట్లొచ్చింది బిడ్డా?" అంది కాశమ్మ.

"వాడు బతకాల్నంటే ఊరి కండ్లల్ల సావాలె పెద్దమ్మా. ఒక్క పూట ఏడువు, సాలు."

ఆమె వండింది. కోడికూర, అన్నం, ఒక ముంత కల్లు చెరువు కట్ట మీద పెట్టారు. కాకులు చుట్టూ చేరాయి గానీ ఒక్కటీ దిగలేదు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదు కదా, జట్టు మొక్కులు మొదలుపెట్టింది.

"నీ తొమ్మిది ఎవ్వనికియ్యం కొండలూ."

కాకి కదల్లేదు.

"మా తమ్మునిది ఒద్దులే, నీదే ముందు," అని వీరస్వామి తగ్గాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. ఒకడు తన పదిని, ఇంకొకడు తన ఏడును వదిలేశారు. మధ్యాహ్నానికి పదకొండు నంబర్లూ కాకికి సమర్పణ అయిపోయాయి, ఊళ్లో ఆడేందుకు చొక్కా మిగల్లేదు.

పటేల్ నోట్లోని పాన్ ఉమ్మాడు. "ఏమిరా ఎల్లస్వామీ, కొండల్ గాడు నిజంగనే పోయిండా?"

సరిగ్గా అప్పుడే ఒక ముసలి కాకి దిగి, కోడికూరలో ముక్కు పెట్టింది. "ముట్టింది, ముట్టింది," అని జట్టు చేతులు జోడించింది. పటేల్ కూడా కండువా సర్దుకుని లేచాడు. ఎల్లస్వామి ప్రాణం కుదుటపడింది.

కాశమ్మ ముఖం మాత్రం పాలిపోయింది. ఆమె పుట్టినప్పటి నుంచి కాకి ఏనాడూ బతికున్నవాడి కూడు ముట్టినట్టు వినలేదు.

"ఓ కొడకా," అని నేల మీద పడి గుండెలు బాదుకుంది. "నిన్న పొద్దుగూకంగ రావిర్యాల గుట్ట కాడ రొట్టె పెట్టొచ్చిన గదరా. మంచిగనే ఉంటివి గదరా. ఇంతల్నే ఏమాయెరా!"

ఎల్లస్వామి ఆమె నోరు మూసేలోపే మాటలన్నీ బయటపడ్డాయి. పటేల్ ఇటు చూడకుండా సైకిలెక్కాడు. ఎల్లస్వామి చేలకు అడ్డం పడి రావిర్యాల వైపు ఉరికాడు. సగం దారిలో మిలిటరీ లారీ అతన్ని దాటిపోయింది. ఆ తర్వాత గుట్ట మీద రెండు తుపాకీ చప్పుళ్లు వినిపిస్తే, అక్కడే గట్టు మీద కూలబడి, తన పథకాన్నీ తననూ తిట్టుకుంటూ ఏడ్చాడు.

పొద్దుగూకే వేళకు కొండల్‌ను లారీలో తెచ్చి బడి ముందు దించారు. కాకి తప్పు చెప్పలేదని ఊరంతా ఒప్పుకుంది. కాకపోతే ఒక పూట ముందు చెప్పింది, అంతే.