పదకొండడుగుల పలకకు రంపం పెట్టండి!

మీ ఇంట్లో తాతలనాటి అలల పలక, అదే సర్ఫ్‌బోర్డు, ఉందా? కొయ్యతో చెక్కింది, పదడుగులో పదకొండడుగులో ఉండేది? అయితే వెంటనే రంపం తీయండి. నడిమికి కోసెయ్యండి! ఓవాహు దీవి పడమటి తీరాన ముప్ఫయ్యేళ్లుగా పత్రికలో నోరు పారేసుకుంటున్నవాణ్ణి చెబుతున్నాను. మన సముద్రంలో ఇక పొడుగు పలకకు చోటు లేదు. పొట్టి బోర్డే మన పాలిటి దేవుడు!

నమ్మరా? వినండి.

పొట్టి బోర్డు ఆరడుగులుంటే గొప్ప. గొడుగులా చంకలో పెట్టుకుని పోవచ్చు. పాత పలక అలాంటిదా? నలభై కిలోల దుంగ! ముందొకరు, వెనకొకరు పట్టాలి. అంటే తెల్లారగానే పక్కింటివాడి తలుపు కొట్టాలి. వాడి పెళ్లాం జ్వరం తగ్గిందో లేదో అడగాలి. నిన్న వాడితో తగువుపడి ఉంటే ఇవాళ రాజీ పడాలి. ఎంత నరకం! పొట్టి బోర్డు వచ్చాక ఆ పీడ విరగడైంది. ఇప్పుడు మా వీధిలో నాలుగిళ్లు, నాలుగు బోర్డులు, నాలుగు కార్లు. ఒకడి పేరు ఇంకొకడికి తెలీదు. ప్రశాంతత అంటే అదీ!

కొత్త బోర్డుకు తాడుంటుంది. దూడను గుంజకు కట్టినట్టు మనిషి కాలిని బోర్డుకు కట్టేస్తారు. మనం పడ్డా అది పోదు. పాత పలకకు తాడెక్కడిది? పడితే పలక ఒడ్డుకు, మనం సముద్రంలోకి. దాని వెనక ఈదుకుంటూ రావాలి. అంటే ముందు ఈత నేర్చుకుని చావాలి! ఈత రాకుండానే సముద్రంలో దిగే స్వేచ్ఛ మనకిచ్చింది ఎవరు?

ఇక అల సంగతి. పాత పలకలవాళ్లకు సిగ్గూ ఎగ్గూ ఉండేది కాదు. ఒకే అల మీద నలుగురు పక్కపక్కన నిలబడి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుంటూ ఒడ్డుదాకా వచ్చేవాళ్లు. అలంటే ఏమన్నా సిటీ బస్సా? కొత్త నీతి ఎంత శుభ్రంగా ఉందో చూడండి: ఒక అల, ఒక మనిషి. రెండోవాడు ఎక్కితే బూతులు. పొట్టి బోర్డువాడు పది సెకన్లు పాములా మెలికలు తిరిగి, గాల్లోకి ఒక గెంతు గెంతి, దబ్బున పడతాడు. చూడముచ్చటగా ఉంటుంది! పాత పలక మీది మనిషి ఏం చేస్తాడు? నింపాదిగా నాలుగడుగులు ముందుకు నడిచి, పలక కొసన నిలబడి, ఊరుకుంటాడు. అల ఎటు తీసుకుపోతే అటు. ఊరుకోవడం కూడా ఒక ఆటేనా? ఆ వీడియో ఎవడు చూస్తాడు?

ఇన్ని సుగుణాలు చెప్పినా హౌలానీ అత్త బుర్రకెక్కలేదు.

ఆమెకు డెబ్బయ్యొకటి. నాకు చుట్టం కాదు, కానీ మా తీరంలో ఆమె అందరికీ అత్తే. ఎర్రకొయ్యతో ఆమె పలకను చెక్కింది ఆమె నాన్న. సముద్రంలోంచి తెచ్చిన ప్రతిసారీ కుకుయి గింజల నూనె పట్టించి, గుడ్డ చుట్టి, నట్టింట్లో దూలానికి వేలాడదీస్తుంది. దాని కింద పడుకునే పిల్లల్ని కన్నది, పెంచింది. మొన్న సోమవారం ఆమెకు మోకాలి ఆపరేషన్. "ఆ తర్వాత పలక మాట మరిచిపోండి" అన్నాడు డాక్టరు. అందుకని దానికి ముందటి శనివారం పొద్దున్న ఒక్క అల ఎక్కి తీరాలని పట్టుబట్టింది. ఒకే ఒక్క అల!

"పొట్టి బోర్డు తెచ్చిస్తాను, దాని మీద బోర్లా పడుకుని పో అత్తా," అన్నాను.

"దాని మీద నా పిర్ర ఒకటే పడుతుందిరా. రెండోదాన్ని నీ నెత్తిన పెట్టనా? మాటలాపి పలక తోక పట్టు."

తోక పట్టాను. బయల్దేరాం.

మా వాడకూ సముద్రానికీ మధ్య ఇప్పుడొక పెద్ద రిసార్టు ఉంది. పేరెందుకు? అన్నీ ఒక తానులో గుడ్డలే. ఇసుక అందరిదీ అని చట్టం ఉంది కనక, వాళ్లు దయతలచి మనకొక దారి వదిలారు. రెండు గోడల మధ్య మూడడుగుల సందు. సగం దూరంలో మూలమట్టంగా ఒక మలుపు. మనకు ఎండ తగలకూడదని నెత్తిన ఇనప చట్రం, దాని నిండా కాగితంపూల తీగ. ఎంత ప్రేమో!

ఆ దారి సరిపోతుందా అని తేల్చడానికి అప్పట్లో ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, వాడూ అలలెక్కేవాడే. టేపు మరిచిపోయాడు. కార్లో ఉన్న తన పొట్టి బోర్డు తీసి చంకలో పెట్టుకుని, సందులో ఇటు నుంచి అటు ఈలవేసుకుంటూ నడిచాడు. "బ్రహ్మాండం" అని సంతకం పెట్టాడు. మన సముద్రానికి కొలబద్ద అదండీ, వాడి చంకలో పట్టినంత!

రిసార్టు లేచాక పొడుగు పలకతో ఆ సందులోకి రావడం మాకు అదే మొదలు. మలుపు దగ్గర మా పలక ఇరుక్కుంది. ముందు కొస గోడకు, వెనక కొస నా పొట్టకు. నిలబెట్టి తిప్పుదామంటే నెత్తిన ఇనుము. వెనక పొట్టి బోర్డుల కుర్రాళ్లు క్యూ కట్టారు.

"అత్తా, కాస్త తప్పుకోవా? అలలు పోతున్నయ్."

"పోనీరా. నేను పుట్టకముందు నుంచి వస్తూనే ఉన్నయ్, మళ్లీ వస్తయ్!"

అంటూనే అత్త మోకాలు పట్టుకుని గోడకు చేరగిలబడింది. తర్వాత లేచి, "వెనక్కి నడువు. వాళ్ల గుమ్మంలోంచే పోదాం," అంది.

రిసార్టు వాకిట్లో కాపలా ఉన్నవాడు ఇఓకెపా. మావాడే, అత్త చేతి కింద పెరిగినవాడు. చూడగానే వాడి మొహం పాలిపోయింది.

"అత్తా, దణ్ణం పెడతా. నా ఉద్యోగం ఊడుద్ది."

"నీ ముక్కు తుడిచిన చేతులురా ఇవి. ఆపు చూద్దాం!"

"ఆపటమా? నావల్ల ఎక్కడవుద్ది?"

"అయితే నడుమ పట్టు. బరువు."

వాడు పట్టాడు, యూనిఫాంతోనే! ముగ్గురం పాలరాతి హాల్లోకి దిగాం. అక్కడ గోడకు కూడా ఒక పొడుగు పలక బిగించారు. కింద రాసి ఉంది: 'ముట్టుకోరాదు'. ప్లేట్లతో టిఫిను తింటున్న అతిథులు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. పోలీసుల్ని పిలుస్తారేమో అనుకున్నాను. చప్పట్లు కొట్టారు! ఫోన్లు తీశారు! సంస్కృతి కార్యక్రమం అనుకున్నారు పాపం. మేనేజరు పరిగెత్తుకొచ్చి, ఆ ఫోన్లు చూసి, నోరంతా పళ్లు చేసుకుని తనూ చప్పట్లు కొట్టాడు.

సముద్రంలోకి దిగాక అత్తకు అరవయ్యేళ్లు తగ్గాయి. అల వచ్చింది. మోకాలు సగమే వంగింది, అయినా లేచి నిలబడింది. అదే అల మీద అతిథి ఒకడు అద్దెబోర్డు మీద ఊగుతూ, "ఇది నా అల!" అని అరిచాడు. అత్త చెయ్యి చాపి వాడి చెయ్యి పట్టుకుంది.

"రా నాయనా. ఇద్దరికీ సరిపోద్ది."

ఇద్దరూ చేతులు పట్టుకుని ఇసుకదాకా వచ్చారు. వాడి కళ్లల్లో కన్నీళ్లో ఉప్పునీళ్లో నాకు తెలీదు. నాకైతే ఉప్పునీళ్లే.

ఒడ్డున మేనేజరు పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. "ప్రతి శనివారం ఎనిమిదింటికి ఇలాగే రండి. హాల్లోంచి ఊరేగింపు. మీకు టిఫిను ఫ్రీ. అతిథులు చాలా సంతోషించారు."

చూశారా? మనుషులుగా వస్తే మన సముద్రానికి దారి లేదు. ఆటబొమ్మలుగా వస్తే పాలరాతి మీద నడిపిస్తారు!

అత్త దండ తీసి పలక మెడలో వేసింది. "ఏడాదికి వస్తా," అంది. "నీ హాల్లోంచి కాదు. మా దారిలోంచి."

"డాక్టరు వద్దన్నాడు కదత్తా?" అన్నాను.

"వాడు నా మోకాలు చూశాడురా. నన్ను చూళ్లేదు."

ఆపరేషన్ బాగానే జరిగింది. నిన్న చూడ్డానికి వెళ్తే, మంచం మీంచే దూలం మీది పలకకు నూనె రాయమని నా మీద కేకలు.

కాబట్టి పాఠకులారా, రంపం మాట నేను వెనక్కి తీసుకోను. అత్త నడిచే రోజుకి దారి సిద్ధంగా ఉండాలి. వచ్చే శనివారం తెల్లవారుజామున, ఆ సందు మలుపు దగ్గరికి, తలా ఒక రంపం పట్టుకుని రండి. కొయ్యను కోసేది ఇంట్లో పెట్టి, నెత్తిమీది ఇనుమును కోసేది తెచ్చుకోండి. కొలత గురించి దిగులొద్దు. ఈసారి టేపు మరిచిపోయినా ఫరవాలేదు, పదకొండడుగుల పలక నేను తెస్తున్నాను. అన్నట్టు, అది ఒక్కడివల్ల కాదు. తోక పట్టడానికి ఎవరైనా కాస్త ముందుగా వచ్చి మా తలుపు కొట్టండి.